రాగిముసుగు రాజు, చప్పిడి చూపరి

సప్తవేణి దేశానికి కోటగోడ లేదు. కొండ దిగగానే ఏడు పాయలుగా చీలి, కొంతదూరం అలిగిన తోడికోడళ్ళలా ఎడమొహం పెడమొహంగా నడిచి, సముద్రం కనపడగానే మళ్ళీ ఒకటయ్యే మహానదే ఆ దేశానికి గోడ, అగడ్త, రాజవీధి. పాయల నడుమ లంకలు. లంకల మీద అరటితోటలు, తమలపాకు పందిళ్ళు, రెల్లు కప్పిన ఇళ్ళు. తెల్లవారేసరికి నీళ్ళమీద మంచు లేచి, ఆ మంచులోంచి నెమలిముక్కు పడవలూ మొసలిముక్కు పడవలూ ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. చేపలవాళ్ళ కేకలకు కొంగలు గుంపుగా లేస్తే ఆకాశం కాసేపు తెల్లబడేది. ఆ వేకువ చూసిన కవి ఎవడైనా పద్యం చెప్పకుండా ఊరుకోడు.

గొంకన ఊరుకోవాలి. ‘బాగుంది’ అనడం అతని వృత్తికి నిషిద్ధం. ‘బాగాలేదు’ అనడమూ అంతే.

ఆ ఉదయం అతను ఇసుకతిన్నె మీద మూడు రాళ్ళు పేర్చి తన గంజి తాను కాచుకుంటున్నాడు. అందులో ఉప్పు లేదు. ఈ దేశంలో అడుగుపెట్టిన నాటినుంచీ అతని నోటికి ఉప్పు తగల్లేదు.

గొంకన అశ్మకూట దేశపు రాజచూపరి. పరదేశం ఎలా ఉందో, అక్కడివాళ్ళు ఎలా ఏలుకుంటున్నారో, ఉన్నదున్నట్టు చూసి తన రాజుకు చెప్పడం అతని పని. గూఢచారి కాడు. గూఢచారి దాక్కుంటాడు, చూపరి తెల్ల తలపాగా చుట్టుకుని బాహాటంగా తిరుగుతాడు. ఎవరి ఉప్పు తింటే వాళ్ళ పాట పాడడం లోకం తీరు కనక, చూపరి పొలిమేర దాటిన క్షణంనుంచి ఎవరి ఉప్పూ ముట్టకూడదని అశ్మకూటం పెద్దలు కట్టడి చేశారు. పరదేశపు ఉప్పూ వద్దు, సొంతదేశపు ఉప్పూ వద్దు. దానికి చప్పిడి దీక్ష అని పేరు కూడా పెట్టారు. పెట్టిన పెద్దలు ఒక్కపూటైనా ఆ దీక్ష చేసి చూశారో లేదో ఎవరికీ తెలియదు.

కట్టడి నోటిమాటగా మిగిలిపోకుండా మంత్రం కూడా ఉంది. గొంకన నడుముకు ఒక మాటశంఖం వేలాడుతుంది. దాని కవల అశ్మకూటం కొలువులో సింహాసనం పక్కన ఉంటుంది. ఇక్కడ పలికింది అక్కడా, అక్కడ పలికింది ఇక్కడా వినపడుతుంది. కానీ నాలుకకు ఉప్పు సోకినవాడి మాటను శంఖం మోయదు, మూగదైపోతుంది. అది పులుసులో ఉప్పయినా ఒకటే, కన్నీటిలో ఉప్పయినా ఒకటే. అందుకే చూపరులు ఏడవరు. ఏడుపు ఆగకపోతే చెంప దగ్గరే తుడిచేసుకుంటారు.

పక్కన కూర్చుని నాలుగు మెతుకులు తిననివాడితో ఎవరు మాత్రం స్నేహం చేస్తారు? గొంకనకు ఒంటరితనం కొత్త కాదు. అయినా అలవాటు కాలేదు. లంకల్లో పొద్దు వాలేసరికి ప్రతి గుమ్మంలోనూ పోపు వాసన లేచేది. ఆ వేళకు అతను కావాలని ఊరికి దూరంగా నడిచేవాడు.

ఇంత కష్టం దేనికంటే, కొండకు అవతల గొంకన ప్రభువు చండవిక్రమ మహారాజు ఏనుగులతో, కొలువుతో సహా దండు దింపి కూర్చున్నాడు. ఆయన పూర్వీకుల శాసనం ఒకటుంది: రాజున్న దేశం మీదికి ముందు రాయబారి నడవాలి, ఆ తర్వాతే దండు. రాజు లేని దేశమైతే దిక్కులేని సొత్తు, ఎవరు ముందు కాలు పెడితే వారిది. సప్తవేణికి రాజున్నాడా లేడా అన్నది తేలడం లేదు. ‘లేడు’ అని ఆస్థాన మాంత్రికుడు ఘటభైరవుడు పుర్రె మీద చెయ్యివేసి చెప్పాడు. చండవిక్రముడు కోపిష్ఠే కానీ శాసనం దాటే మనిషి కాడు. “చూపరి చెప్పనీ” అన్నాడు. గడువు ఈ సూర్యాస్తమయం. గొంకన ‘లేడు’ అంటే ఏనుగులు పాయలు దాటతాయి. ఈ అరటితోటలు, ఈ గుడిసెలు, ఈ పోపు వాసనలు రేపటికి ఉండవు.

అసలు చిక్కు సప్తవేణి పద్ధతిలోనే ఉంది. అక్కడ ఏలేవాడికి రాగిముసుగు ఉంటుంది, మెడనుంచి మడమల దాకా నీలి దుప్పటి ఉంటుంది. లోపల ఎవరున్నారో ఎవరికీ తెలియదు. ఆ ముసుగు పెట్టుకున్నవాళ్ళందరికీ ఒకటే కంచుగొంతు, ఆ దుప్పటి కప్పుకున్నవాళ్ళందరూ ఒకటే ఎత్తు. పాలించినంతకాలం పాలించి, చాలనుకున్ననాడు తనకు తోచినవాళ్ళ గడపలో ముసుగు పెట్టేసి వెళ్ళిపోతాడు. మర్నాటినుంచి వాళ్ళు రాజు. నిన్నటి రాజు సంతలో వంకాయలు బేరమాడుతూ ఉంటాడు. ముఖమే తెలియనివాణ్ణి రాజుగా లెక్కవేయాలా, వద్దా?

దీన్ని ఒరగకుండా చెప్పాలని గొంకన పడ్డ పాట్లు ఇన్నీ అన్నీ కావు. మొదటిసారి శంఖంలో ‘వాళ్ళ రాజు ముసుగు వేసుకుంటాడు’ అన్నాడు. ముసుగు వేసుకునేది దొంగే కదా అని కొలువంతా నవ్వింది. మర్నాడు దిద్దుకుని ‘ముఖకవచం’ అన్నాడు. అబ్బో, మహావీరుడు కాబోలని సేనాపతి కత్తి నూరించాడు. విసిగిపోయి ‘ముఖానికి రాగిరేకు’ అంటే, రాజవైద్యుడు అది ఏ చర్మరోగానికి మందో కనుక్కోమన్నాడు. మాట ఏది ఎంచుకున్నా అటో ఇటో తూగుతూనే ఉంది. ఆఖరికి విశేషణాలన్నీ ఒలిచేసి, కళ్ళు చూసినది, చెవులు విన్నది మాత్రమే చెప్పడం మొదలుపెట్టాడు. నిన్న సాయంత్రం కూడా అలాగే చెప్పాడు: ‘కొత్తనీరు వచ్చినరోజున రాజు పెద్దకట్ట దగ్గర నడిపాయలో పడవమీద కూర్చుంటాడు. చుట్టూ కాపలా ఉండదు.’ ఇందులో మెచ్చుకోలు లేదు, తెగడ్త లేదు. గొంకన ఆ రాత్రి తృప్తిగా పడుకున్నాడు.

“ఏం చప్పిడయ్యా, ఇయ్యాళైనా మా పులుసు రుచి చూసేదేమన్నా ఉందా?”

గొంకన తల ఎత్తాడు. ఎర్రమ్మ పడవ ఇసుకలో దిగబడి ఉంది. ఆవిడ తూర్పులంక మనిషి. చేపలు పడుతుంది, రేవు దాటిస్తుంది. గొంకనకు ఒక పాతపడవ అద్దెకిచ్చింది కూడా. ఈ దేశంలో అతన్ని పేరుపెట్టో, పేరు చెడగొట్టో రోజూ పలకరించే ప్రాణి ఆవిడ ఒక్కతే.

“వద్దక్కా. దీక్ష.”

“నీ దీక్ష మండిపోనూ! ఉప్పులేని కూడు తినీ తినీ నీ మాటలు కూడా చప్పబడిపోయినై. మా చెల్లెలి కూతురు పెళ్ళికి పిలిస్తే వొచ్చావు, అచ్చింతలేశావు. తీరా ఆకులేసే ఏళకి మాయం. మా వోళ్ళేమనుకున్నారో తెలుసా? మనం తినేది మనుషుల తిండి గాదనుకుంటన్నాడీ పరదేశి, అనుకున్నారు.”

గొంకన గంజిలో గరిటె తిప్పాడు. ఆ పెళ్ళిపందిరి వెనక అరటిచెట్ల చాటున నిలబడి, వాళ్ళ నవ్వులు వింటూ ఖాళీ కడుపుతో ఎంతసేపు ఉన్నాడో ఆవిడకు చెప్పలేదు.

“అక్కా, మీ రాజు ఎలాంటివాడు?” అని అడిగాడు, మాట మారుస్తూ.

“ఆ రాగిమొగపోడా? ఒట్టి మొద్దు. కొత్తరేవు కట్టించాడు, పడవ పెడితే మోకాలిలోతు బురద.”

“మంచి ఏమీ లేదా?”

“లంచం తినడు. ఎవుడికియ్యాలో తెలిస్తేగా ఇచ్చేది!” అని పకపకా నవ్వింది ఎర్రమ్మ. నవ్వుతూ నవ్వుతూనే ఆగింది. “ముంపొచ్చిన ఏడు, తూర్పు తూము తెరవమన్నాడు అప్పటి రాజు. దూడ కోసం ఎనక్కెళ్ళిన మా ఆయన మళ్ళా రాలా. ఆ రాజెవరో నాకు తెలవదు. నా కాడ చేపలు కొనేవోడో, పెళ్ళిలో నా పక్కనాకులో తిన్నోడో. ఎవుణ్ణి తిట్టుకోను చెప్పు?”

“తెలిస్తే బాగుండుననిపిస్తుందా?”

“ఓ రోజు అనిపిస్తది. ఓ రోజేమో, తెలిస్తే నా బతుకంతా వోడి మీద పగతోనే పోద్ది గదా, తెలవకపోడమే మేలనిపిస్తది. రెండూ చెప్పు మీ రాజుకి. ఒకటే చెప్పి ఊరుకోమాక.”

ఆవిడ మాట్లాడుతుండగానే నది రంగు మారింది. పాయ పొడవునా ఎర్రటి నీరు, నురగలు కక్కుతూ, పెకలించిన తుమ్మమొద్దులను దొర్లించుకుంటూ దిగివస్తోంది. కొత్తనీరు! పెద్దకట్ట మీద గంట గణగణ మోగింది. ఎర్రమ్మ ముఖంలో నవ్వు ఆరిపోయింది.

“పొద్దు వాటారేలోగా కట్టకాడ కొలువు. నాకు పనుంది. నీ పడవేసుకుని నువ్వు రా” అంటూ గెడ వేసి, వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

గొంకన కట్ట చేరేసరికి నడిపాయ జనంతో కిటకిటలాడుతోంది. ఎడమచేతివైపు తూర్పులంకవాళ్ళ పడవలు, కుడివైపు పడమటిలంకవాళ్ళవి. ఇరువైపులా ముసలివాళ్ళు పిల్లలను ఒళ్ళో పెట్టుకుని నోరెత్తకుండా కూర్చున్నారు. నది కట్టను తలతో పొడుస్తోంది. తూర్పు తూము తెరిస్తే తూర్పులంక మునుగుతుంది, పడమటి తూము తెరిస్తే పడమటిలంక. ఏదీ తెరవకపోతే కట్ట తెగి ఇద్దరూ పోతారు.

అంతలో తెడ్డు వేసేవాడు లేకుండానే ఒక పొడవాటి పడవ రెల్లుదుబ్బుల్లోంచి వచ్చి నడిపాయలో నిలిచింది. వాలుతున్న ఎండ రాగిముసుగు మీద పడి, ఆ ముఖం కాగడాలా వెలిగింది. కనుబొమలు లేవు, నవ్వు లేదు, కోపం లేదు. రెండు కంతలు, వాటి వెనక చీకటి.

“చెప్పుకోండి” అంది కంచుగొంతు.

తూర్పువాళ్ళు మొదలుపెట్టేలోగా ఆకాశంలో ఏదో కిర్రుమంది. గొంకన పైకి చూశాడు. మబ్బు చీల్చుకుని, ఇనుపరెక్కల గద్ద ఒకటి నిట్టనిలువునా దిగుతోంది! దాని ఈకలు కత్తుల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. జనం హాహాకారాలు చేస్తూ నీళ్ళలోకి దూకారు. గద్ద సరిగ్గా నడిపాయలో పడవ మీద వాలి, రాజును ఒక కాలితో భుజం పట్టి ఎత్తింది.

చూపరికి కళ్ళే ఉంటాయి, కాళ్ళూ చేతులూ ఉండవని గురువులు నూరిపోశారు. ఆ సంగతి గొంకన కాళ్ళకు ఎవరూ చెప్పినట్టు లేదు. గెడ ఊతంగా ఒక్క గెంతు గెంతి గద్ద కాలు పట్టుకున్నాడు.

మరుక్షణం కట్ట, జనం, పడవలు అన్నీ కాళ్ళకింద చిన్నవైపోయాయి. ఈ కాలికి రాజు, ఆ కాలికి గొంకన. గద్ద మెడ వంచి పొడిస్తే అతని భుజం చీలింది. పళ్ళు బిగించి పైకి పాకాడు. దాని మెడలో ఎర్రదారానికి పుర్రె తాయెత్తు వేలాడుతోంది. గొంకన దాన్ని గుర్తుపట్టాడు. అలాంటి తాయెత్తులు అశ్మకూటం కొలువులో ఘటభైరవుడి దగ్గర రోజూ చూసేవాడు. ఘటభైరవుడి అమరసిద్ధికి ఏలుతున్న రాజు తల ఒకటి తక్కువైందని వంటశాలలో చెవులు కొరుక్కునేవారు. చండవిక్రముడి జోలికి పోలేడు కనక మరో రాజు కావాలి. అందుకేనేమో సప్తవేణికి రాజే లేడని ముందుగా చెప్పిపెట్టాడు, తల పోయినా అడిగేవాడు ఉండడు. రాజు ఎక్కడ కూర్చుంటాడో, ఎప్పుడు కూర్చుంటాడో, కాపలా ఉంటుందో ఉండదో శంఖంలో చక్కగా అప్పజెప్పింది ఎవరు? తనే. ఒక్క విశేషణమైనా లేకుండా!

ఉక్రోషంతో తలపాగా లాగి గద్ద కళ్ళకు చుట్టి బిగించాడు. అది గుడ్డిదై గిరగిరా తిరిగింది, రెల్లుదుబ్బుల మీదుగా వెళ్ళి ఒక మునిగిన తాడిమొద్దుకు గుద్దుకుంది. ముగ్గురూ నీళ్ళలో పడ్డారు. గొంకన సముద్రపు పోటు కలిసిన నీరేమోనని పెదవులు బిగించి, గుక్కెడు నీళ్ళు కూడా లోనికి పోనివ్వకుండా, చేతికి అందిన నీలి దుప్పటిని పట్టుకుని బురదగట్టు మీదికి లాగాడు. గద్ద మాత్రం తెల్లతలపాగాతో సహా సుడిగుండంలో గిర్రున తిరిగి అడుగుకు పోయింది.

గొంకన రొప్పుతూ చూసుకున్నాడు. ఎడమచేతిలో దుప్పటి చెరగుంది. కుడిచేతిలో రాగిముసుగు ఉంది. ఎదురుగా తడిసి ముద్దయిన ఎర్రమ్మ దగ్గుతూ కూర్చుని ఉంది.

“నువ్వా?” అన్నాడు గొంకన.

“నేనే. ఒట్టి మొద్దునని పొద్దున్నే చెప్పాగా” అంది ఎర్రమ్మ. భుజం మీద గోళ్ళ గాయం కారుతోంది. “నిరుడు తలుపు తీస్తే గడపలో ఇదుంది. మా ఆయన్ని ముంచినోడే తెచ్చి పెట్టి ఉంటాడని నా అనుమానం. నువ్వేలి చూడు, నీకే తెలుస్తదన్నట్టు.”

“తీసుకో అక్కా, పెట్టుకో. నేనెవరికీ చెప్పను.”

ఎర్రమ్మ ముసుగును చెంపకు ఆనించింది. చుయ్‌మని పొగ లేచింది. ఆవిడ కెవ్వున దాన్ని వదిలేసి చెంప పట్టుకుంది.

“చూశావా? ముకం బయటపడ్డోళ్ళని ఇది మళ్ళా ఓర్చుకోదు. చూసినోడే పెట్టుకోవాల. మా కట్టు అది.”

“నేను పరదేశిని!”

“కట్టులో ఆ మాట లేదు. ఇంతకాలం పరదేశం నించొచ్చి రాజు ముకం చూసినోడు లేడు మరి.”

“నేను చూపరినక్కా. అటూ కాదు, ఇటూ కాదు. నేనేలకూడదు.”

“సరే, ఊరుకో. కాసేపట్లో పడవలొస్తయ్యి. ముసుగు బురదలో ఉంటది, రాజుండడు. ఆ మాటే మీవోళ్ళకి చెప్పు. అబద్ధం కూడా కాదు.”

గొంకన పడమటివైపు చూశాడు. పొద్దు బారెడు లేదు. దూరాన రెల్లులో గెడల చప్పుడు వినిపిస్తోంది. “రాజా! రాజా!” అని పిలుస్తున్నారు. అతను దుప్పటి కప్పుకుని, బురద తుడిచి ముసుగు ముఖానికి పెట్టుకున్నాడు. రాగి మంచులా చల్లగా తగిలింది. లోపల తన ఊపిరి తనకే, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు వినపడింది.

తూముకాపులు గట్టెక్కి మోకరిల్లారు. “బతికున్నారా రాజా! కట్ట చెమరుస్తోంది. ఇంక ఆగదు. తూర్పా, పడమరా?” పెద్దకాపు ఎర్రమ్మను చూసి, “ఇదేంటి, ఎర్రమ్మా! ఆ తెల్లపాగా పరదేశి ఏడీ?” అన్నాడు.

“గద్దతో పాటు మునిగిపోయాడు, పాపం” అంది ఎర్రమ్మ. “చప్పిడి మనిషి. ఎవురికీ చెడుపు చెయ్యలా.”

ఆ మాటతో గొంకన అనేవాడు ఆ దేశంలో చచ్చిపోయాడు. తన చావుకబురు తానే వింటూ, పలకడానికి వీల్లేక నిలబడ్డాడు.

“తూర్పా, పడమరా రాజా?”

గొంకన రెండు లంకలూ అంతకుముందే నడిచి చూసినవాడు. పడమట ఇళ్ళు ఎక్కువ, నేల పల్లం, నడవలేని ముసలివాళ్ళు ఎక్కువ. తూర్పున ఇళ్ళు తక్కువ, వెనక మెరక ఉంది, జనం తప్పుకోవచ్చు. తూర్పునే ఎర్రమ్మ గుడిసె ఉంది. తన మనసు తూర్పును కాపాడమని గింజుకుంటోందని అతనికి తెలుసు. తెలిసే కొద్దీ ఆ మనసును నమ్మాలనిపించలేదు. ఇష్టమైనవాళ్ళ పక్షం వహించకూడదని పంతంపట్టి వాళ్ళనే ముంచితే, అది న్యాయమా, ఒరగడంలో ఇంకో రకమా? తేల్చుకోవడానికి నది గడువివ్వలేదు.

“తూర్పు తూము” అంది అతని నోట్లోంచి కంచుగొంతు.

కాపులు పరుగెత్తారు. ఎర్రమ్మ లేచి కొంగు పిండుకుంది.

“నేను కూర్చునున్నా అదే చెప్పేదాన్నేమో” అంది మెల్లిగా. “ఏమో, చెప్పకపోదునేమో. కుండా చట్టీ తెచ్చుకోవాల.” కాపుల పడవలో ఒక మూల ఎక్కి కూర్చుంది. అక్కా అని పిలవబోయి గొంకన ఆగిపోయాడు. ఆ కంచుగొంతుతో ఆవిణ్ణి అక్కా అంటే అది తన పిలుపులా ఉండదు. పడవ రెల్లు మలుపు తిరిగింది. ఆవిడ చూడలేదు.

తెడ్డు లేని రాజుపడవ తనంత తానే వచ్చి గట్టుకు ఆనింది. అందులో రాజు ఒక్కడే ఎక్కాలి, ఇంకెవరూ ఎక్కకూడదు. గొంకన ఎక్కాడు. పడవ నడిపాయలోకి మళ్ళింది. సూర్యుడు నీళ్ళలో మునిగిన క్షణాన, నీలి దుప్పటి కింద శంఖం మాట్లాడింది.

“చూపరీ, గడువైంది” అన్నాడు చండవిక్రముడు.

“వింటున్నాను ప్రభూ” అన్నాడు గొంకన.

“నీ గొంతు మారిందేం?”

ఆయన వింటున్నది కంచుగొంతు. గొంకన ముసుగు అంచును గడ్డం దగ్గర వేలితో ఎత్తి పట్టుకున్నాడు. “నీళ్ళలో పడ్డాను ప్రభూ” అన్నాడు తన గొంతుతో.

“సరే. ఒకటే అడుగుతున్నాను. సప్తవేణికి రాజున్నాడా, లేడా?”

గొంకన కళ్ళు మండాయి. చెంప దగ్గర తుడుచుకోవడానికి మధ్యలో రాగి అడ్డు. ఒక్క బొట్టు జారి పెదవిని తాకితే శంఖం మూగదవుతుంది. చూపరి మాట లేకపోతే ఘటభైరవుడి మాటే మాట. అతను తల వెనక్కి వాల్చి, ఆకాశాన్ని చూస్తూ కన్నీటిని కళ్ళలోనే ఆపాడు.

“ఉన్నాడు ప్రభూ.”

కొలువులో గుసగుసలు రేగాయి. “కళ్ళారా చూశావా?”

“ఇప్పుడే, నీళ్ళలో నీడగా చూశాను. ఇంకో సంగతి కూడా చూశాను. ఇనుపరెక్కల గద్ద ఒకటి ఈ సాయంత్రం రాజును ఎత్తుకుపోబోయింది. దాని మెడలో పుర్రె తాయెత్తు ఉంది.”

శంఖంలోంచి సన్నటి నవ్వు. ఆ నవ్వు ఘటభైరవుడిదని గొంకన పోల్చుకున్నాడు.

“పుర్రె తాయెత్తులు లోకంలో నాకొక్కడికేనా ఉన్నవి? చూపరీ, నీ దీక్ష మీద ఆన. ఆ తాయెత్తు నేను కట్టడం నువ్వు చూశావా?”

గొంకన పళ్ళు కొరికాడు. “తాయెత్తు చూశాను. కట్టినవాణ్ణి చూడలేదు.”

“విన్నారుగా ప్రభూ. పాపం, సత్యసంధుడు” అన్నాడు మాంత్రికుడు. “రాజు ఉన్నాడంటే మరీ మంచిది. శాసనం ప్రకారం ముందు రాయబారి నడవాలి. ఆ పని నాకు దయచేయండి. ఆ రాజును నేను దగ్గరగా చూడాలి.”

“అలాగే. దండు ఆగుతుంది. రేపు ఘటభైరవుడు బయలుదేరుతాడు” అన్నాడు చండవిక్రముడు.

ఏనుగులు ఆగాయి. ముసుగు కింద గొంకన మెడ మీద చెమట పట్టింది. మాంత్రికుడు వెతుక్కుంటూ వస్తున్న తల ఎవరిదో ఈ భూమ్మీద ఇద్దరికే తెలుసు. వాళ్ళలో ఒకరు కుండలు తెచ్చుకోవడానికి వెళ్ళారు.

“గొంకనా” అన్నాడు చండవిక్రముడు మళ్ళీ. ఈసారి ఆయన గొంతు మెత్తబడింది. “ఇన్నాళ్ళూ నిన్ను ఈ మాట అడగలేదు, నీ వృత్తి ఒప్పుకోదని. ఇప్పుడు మనిషిగా అడుగుతున్నాను. ఆ రాజు మంచివాడా, చెడ్డవాడా?”

దూరాన తూర్పు తూము తలుపు లేచిన చప్పుడయింది. నీరు విరుచుకుపడుతోంది. పడమటి ఒడ్డున ఎవరో జేజేలు కొడుతున్నారు. తూర్పున ఆడవాళ్ళు పిల్లలను పేరుపేరునా పిలుచుకుంటూ మెరకకు పరుగెడుతున్నారు. ఆ పిలుపుల్లో ఎర్రమ్మ గొంతు ఉందేమోనని గొంకన చెవి ఒగ్గాడు. వినపడలేదు.

“ఇంకా తెలియదు ప్రభూ” అన్నాడు.